పాత గూఢచారులు మళ్లీ వచ్చారు: ఎవరికి కుదిరింది, ఎవరికి కుదరలేదు?

రీలుమామ:
'మిషన్ ఇంపాజిబుల్: ది ఫైనల్ రెకనింగ్' (2025) చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కథ బయటపడుతుంది.

అందరూ టామ్ క్రూజ్ విమానానికి వేలాడటం గురించే మాట్లాడుతున్నారు. నాకు మాత్రం సినిమా మొత్తం మీద గుర్తుండిపోయింది రోల్ఫ్ శాక్సన్. 1996లో వచ్చిన మొదటి భాగంలో ఆయనది ఏపాటి పాత్ర? లాంగ్లీలో సీఐఏ ఆఫీసు, తెల్లటి గది, మధ్యలో ఒక కంప్యూటర్. దాని ముందు కూర్చునే విలియం డన్లో. కాఫీలో ఏదో కలిపితే కడుపు తిప్పి బయటికి పరిగెత్తుతాడు. ఆ సందులో క్రూజ్ పైనుంచి తాడుతో దిగి డేటా ఎత్తుకుపోతాడు. డన్లో తిరిగొచ్చేసరికి టేబుల్ మీద నిటారుగా దిగిన కత్తి! ఆ తర్వాత పెద్దాఫీసరు కిట్రిడ్జ్ అతని సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. సాయంత్రానికల్లా అలాస్కాలో రాడార్ టవర్ దగ్గర ఉండాలట, బట్టలు పోస్టులో పంపిస్తే చాలట. హాలంతా నవ్వింది. అతని ఉద్యోగం ఏమైందో, అతనేమయ్యాడో అప్పుడు ఎవరికి పట్టింది?

29 ఏళ్ల తర్వాత అదే నటుడు బేరింగ్ సముద్రంలో ఒక మంచు దీవి మీద భార్యతో కాపురం చేస్తూ కనిపిస్తాడు. ఆ జోకుకు బలైన మనిషికి కూడా ఒక జీవితం ఉందని ఇన్నేళ్లకు చూపించారు.

ఒక గూఢచారి సిరీస్‌కి పాత నటుడు తిరిగొచ్చిన సందర్భాల్లో మీకు బాగా కుదిరిందనిపించింది ఏది? జేమ్స్ బాండ్‌గా చేసిన షాన్ కానరీ ఎలాగూ వస్తాడు, కానివ్వండి.

శ్రీకర్_సినీ:
డన్లో కంటే ముందు కిట్రిడ్జ్‌ని చెప్పాలి మామా. హెన్రీ చెర్నీ 1996 తర్వాత మళ్లీ కనిపించింది 2023లో, 'డెడ్ రెకనింగ్'లో. మధ్యలో ఐదు సినిమాలు వచ్చాయి, ఆయన్ని ఒక్కదాంట్లోనూ పిలవలేదు. వచ్చీరాగానే అదే పొగరు, అదే గొంతు. మొదటి సినిమా చూసినవాళ్లకు ఆ గొంతు వినపడగానే ఒళ్లు జలదరించింది.

బెజవాడ బాబాయ్:
కానరీ పేరు రాకముందే నేను వచ్చేస్తున్నా. 1962 'డాక్టర్ నో' నుంచి 1967 'యూ ఓన్లీ లివ్ ట్వైస్' దాకా ఐదు బాండ్ సినిమాలు చేసి, విసుగొచ్చి వదిలేశాడు. జపాన్‌లో షూటింగ్ అప్పుడు టాయిలెట్లోకి కూడా ఫొటోగ్రాఫర్లు వెంటపడ్డారని చెప్పుకుంటారు. 1969లో జార్జ్ లాజెన్బీ వచ్చాడు. ఒక్క సినిమా చేసి తనంతట తనే వెళ్లిపోయాడు. ఆ తర్వాత అమెరికా నటుడు జాన్ గావిన్‌తో ఒప్పందం కూడా కుదిరిపోయింది.

అప్పుడు యునైటెడ్ ఆర్టిస్ట్స్ అధినేత డేవిడ్ పికర్, ఎంతైనా సరే కానరీనే తెమ్మన్నాడు. 12.5 లక్షల డాలర్ల పారితోషికం, దాని మీద వసూళ్లలో వాటా, ఆయనకు నచ్చిన రెండు సినిమాలకు పెట్టుబడి పెడతామన్న హామీ. ఆ రోజుల్లో అది రికార్డు. గావిన్‌కు ఒప్పందం ప్రకారం డబ్బిచ్చి పంపేశారు, పాపం. అలా వచ్చింది 'డైమండ్స్ ఆర్ ఫరెవర్', 1971. జనం విరగబడి చూశారు. కుదిరిందా అంటే ఇంతకంటే ఏం కుదరాలి?

నిశాచరి:
వసూళ్లు కుదిరాయి బాబాయ్ గారూ, సినిమా కుదరలేదు. లాజెన్బీ చేసిన 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' చివర్లో బాండ్ భార్య ట్రేసీని చంపేస్తారు. తర్వాతి సినిమా మొదలవగానే బాండ్ విలన్ బ్లోఫెల్డ్ కోసం ఊళ్లన్నీ తిరుగుతూ దొరికినవాణ్నల్లా చితక్కొడుతుంటాడు. పగ కోసమేనని మనం అనుకోవాలి. ట్రేసీ పేరు ఒక్కసారి ఎత్తరు! హీరో మారితే కథ కూడా తుడిచేసుకున్నారు. కానరీ 41 ఏళ్లకే అలసిపోయినట్టు, షూటింగ్ ఎప్పుడైపోతుందా అన్నట్టు నడుస్తాడు. నాలుగేళ్లు దూరంగా ఉన్నాడన్న సంగతి సినిమా ఎక్కడా ఒప్పుకోదు.

ఇంకా ఆ లాస్ వేగాస్ సందు సీను సంగతి సరేసరి. ఎర్ర మస్టాంగ్ కారు కుడివైపు చక్రాల మీద లోపలికి వెళ్లి, ఎడమవైపు చక్రాల మీద బయటికి వస్తుంది.

బెజవాడ బాబాయ్:
ఆ కారు సంగతి మాకూ తెలుసమ్మా. లోపల కారు పక్కకి ఒరిగినట్టు ఒక షాట్ పెట్టి సర్దుకున్నారు కదా. చక్రాలు చూస్తూ కూర్చుంటే సినిమా ఎప్పుడు చూస్తావు?

వరంగల్ రవన్న:
ఏందన్నా, మొత్తానికి పైసల కోసమే వచ్చిండు అంటారా?

పద్మజ_ఎడిన్‌బరా:
రవన్నా, ఆ మాట ఇక్కడ స్కాట్లండ్‌లో అంటే గొడవైపోతుంది. 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' పారితోషికాన్ని కానరీ స్కాటిష్ ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ ట్రస్ట్ పెట్టడానికి వాడాడు. స్కాట్లండ్ పిల్లల చదువులకూ, కళలకూ సాయం చేసే ట్రస్ట్ అది. ఆయన పుట్టింది ఎడిన్‌బరాలో ఫౌంటెన్‌బ్రిడ్జ్ అనే కార్మికుల పేటలో. చిన్నప్పుడు పాలు పంచేవాడు, 13 ఏళ్లకే బడి మానేశాడు. డబ్బు ఎంత అడిగాడన్నదొక్కటే చెప్పి, ఎక్కడికి పోయిందో చెప్పకపోతే ఎలా?

రెండు సినిమాల హామీలో ఒకటి నిజంగానే తీశారు. సిడ్నీ లూమెట్ దర్శకత్వంలో 'ది అఫెన్స్' (1973). పోలీసు డిటెక్టివ్ పాత్ర, చాలా చీకటి సినిమా, జనం చూడలేదు. నన్నడిగితే కానరీ నటన అంతకు మించి ఎక్కడా లేదు. రెండోది 'మాక్బెత్' తీద్దామనుకున్నాడు, ఈలోపు పొలాన్స్కీది వచ్చేయడంతో ఆగిపోయింది. బాండ్‌గా తిరిగి రావడం వల్ల ఆయనకు దక్కింది ఇదీ.

రీలుమామ:
'ది అఫెన్స్' సంగతి మంచిగా గుర్తు చేశావు పద్మజా. తిరిగి రావడాన్ని బేరంగా వాడుకుని, నిర్మాతలు మామూలుగా ఒప్పుకోని సినిమా తీయించుకున్నాడు. అయినా నిశాచరి మాట నిశాచరిదే. ఆ బేరమంతా తెర వెనక జరిగింది. తెర మీద మాత్రం నీరసమే.

డల్లాస్ సుధ:
1983కి ఎవరూ రాలేదేంటి? అసలు మజా అక్కడుంది. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఇయాన్ ఫ్లెమింగ్ 'థండర్‌బాల్' నవల 1961లో వేశాడు. ఆ కథ ఆయనొక్కడిదే కాదు. అంతకుముందు కెవిన్ మెక్‌క్లోరీ, జాక్ విటింగ్‌హామ్‌లతో కలిసి సినిమా కోసం రాసుకున్న స్క్రిప్టు అది. వాళ్ల పేర్లు లేకుండా నవల చేసేసరికి మెక్‌క్లోరీ కోర్టుకెక్కాడు. 1963లో రాజీ కుదిరింది, ఆ కథ సినిమా హక్కులు మెక్‌క్లోరీకి దక్కాయి. బాండ్ నిర్మాతలు ఆయన్ని కలుపుకునే 1965లో 'థండర్‌బాల్' తీశారు, పదేళ్ల దాకా మళ్లీ తీయకూడదన్న షరతు మీద. పదేళ్లూ గడిచాయి. ఇక ఆయన ఊరుకుంటాడా?

అలా అసలు కంపెనీతో సంబంధం లేకుండా అదే కథతో ఇంకో బాండ్ సినిమా తయారైంది, 'నెవర్ సే నెవర్ అగైన్'. దర్శకుడు ఇర్విన్ కెర్ష్నర్. 12 ఏళ్ల తర్వాత బాండ్‌గా కానరీ. ఇంకెప్పుడూ చేయనన్న మొగుణ్ని చూసి ఆయన భార్య మిషెలీన్ ఆ పేరు సూచించిందట, టైటిల్స్‌లో ఆవిడకు క్రెడిట్ కూడా ఉంది. హక్కులు లేవు కాబట్టి మనకు తెలిసిన ఆ బాండ్ సంగీతం లేదు, తుపాకీ గొట్టంలోంచి చూసే మొదటి షాట్ లేదు. మిషెల్ లెగ్రాండ్ ఇచ్చిన సంగీతం ఏ మాత్రం అతకలేదు, అది నేనూ ఒప్పుకుంటా.

కానీ కానరీ ఎంత హాయిగా ఉన్నాడో చూడండి! సినిమా మొదట్లోనే ఒక శిక్షణ పరీక్షలో బాండ్ ఓడిపోతాడు. కొత్త బాస్‌కి ఈ పాతకాలపు ఏజెంట్లంటే గిట్టదు. నీ ఒంట్లో విషాలు పేరుకున్నాయి, వెళ్లి శుభ్రం చేయించుకో అని ఆరోగ్యాశ్రమానికి తోలేస్తాడు. మనవాడు పథ్యం చేయాల్సిన చోటుకు సూట్‌కేసు నిండా చేప గుడ్లు, వోడ్కా దాచుకుని వెళ్తాడు. అక్కడ ఒక రాక్షసుడి లాంటివాడితో ఫైటు. కొట్టలేక, తప్పించుకోలేక, చేతికి దొరికిన గ్లాసులోది వాడి మొహాన కొడతాడు. అదేంటంటే పరీక్ష కోసం ఇచ్చిన తన మూత్రం! వయసైపోయిన గూఢచారి గెలిస్తే ఇలాగే గెలవాలి.

నిశాచరి:
సుధగారూ, సరిగ్గా నేను చెప్పాలనుకున్నది ఇదే. 1971లో వయసు దాచిపెట్టారు, 1983లో వయసునే కథ చేసుకున్నారు. నటుడొక్కడే, పాత్రొక్కటే. రెండో సినిమాకు ఆ చట్రం, ఆ సంగీతం ఏవీ లేకపోయినా కానరీని చూడబుద్ధేస్తుంది.

శ్రీకర్_సినీ:
ఇందులో ఒక తమాషా ఉంది. ముసలి బాండ్ తిరిగొచ్చాడని అందరూ కానరీ గురించి జోకులేశారు. అదే ఏడాది అసలు కంపెనీ వాళ్ల 'ఆక్టోపస్సీ'లో బాండ్ రోజర్ మూర్. మూర్ పుట్టింది 1927లో, కానరీ 1930లో. అంటే 'కుర్ర బాండ్' మూర్ దాదాపు మూడేళ్లు పెద్ద! మూర్ ఆ తర్వాత 1985లో ఇంకో సినిమా కూడా చేశాడు. మనిషి ఎక్కడికీ వెళ్లకుండా ఉంటే వయసు ఎవరికీ కనిపించదు, వెళ్లొస్తేనే కనిపిస్తుంది.

కాకినాడ కుర్రాడు:
ఆ రెంటిలో గెలిచింది 'ఆక్టోపస్సీ'నే కదా బ్రో. అది జూన్‌లో వచ్చి ప్రపంచమంతా కలిపి 18 కోట్ల డాలర్లకు పైనే తెచ్చింది, కానరీది అక్టోబర్‌లో వచ్చి 16 కోట్ల దగ్గర ఆగింది. పైగా 'ఆక్టోపస్సీ'లో మన ఉదయపూర్, మన కబీర్ బేడీ, మద్రాసు విజయ్ అమృతరాజ్ టెన్నిస్ బ్యాటుతో రౌడీలను బాదడం! ఆటో ఛేజింగ్‌లో అదే బ్యాటు. మా నాన్న ఇప్పటికీ బాండ్ అంటే ఆ ఆటో సీనే చెప్తాడు.

వరంగల్ రవన్న:
ఆ సినిమాలో ఇండియా అంటే పాములోళ్లు, కత్తులు మింగెటోళ్లు, నిప్పుల మీద నడిచెటోళ్లు. అది కూడా చెప్పు తమ్మీ.

కాకినాడ కుర్రాడు:
చెప్తే సీను పాడవుద్దని చెప్పలే అన్నా.

మోడరేటర్:
ఉదయపూర్ గురించి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ తిరిగొచ్చిన నటుల గురించే.

గేమ్‌పిచ్చి గణేశ్:
కానరీ మూడోసారి కూడా వచ్చాడు, ఎవరూ లెక్కలో వేయరు. 2005లో 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' వీడియో గేమ్. బొమ్మేమో 1963 నాటి కుర్ర కానరీది, గొంతేమో 75 ఏళ్ల కానరీ కొత్తగా చెప్పింది. మొహం నునుపుగా ఉంటుంది, నోరు తెరిస్తే తాతగారు. మొదట్లో నాకు నవ్వొచ్చింది, ఆడుతూ ఆడుతూ అలవాటైపోయింది. ఆ పాత్రకు ఆయన చేసిన చివరి పని అదే.

డల్లాస్ సుధ:
ఇది నాకు కొత్త, గణేశ్. ఇప్పుడైతే కంప్యూటర్‌తో గొంతు కూడా కుర్రాడిది చేసేసేవాళ్లు. చేయకపోవడమే నయమనిపిస్తోంది.

రీలుమామ:
హీరోల సంగతి బోలెడు చెప్పుకున్నాం. నాకు చిన్న పాత్రలవాళ్ల మీద ప్రేమ. డేవిడ్ హెడిసన్ తెలుసా ఎవరికైనా?

పద్మజ_ఎడిన్‌బరా:
సీఐఏ ఫీలిక్స్ లైటర్! బాండ్ స్నేహితుడు. బాండ్ సినిమాల్లో ఆ పాత్రకు సినిమాకో మనిషిని పెట్టేవాళ్లు, అసలు గుర్తుండేవాడు కాదు. హెడిసన్ 1973లో 'లివ్ అండ్ లెట్ డై'లో చేశాడు. మళ్లీ 16 ఏళ్లకు, 1989లో 'లైసెన్స్ టు కిల్'లో పిలిచారు. ఈలోపు బాండ్ మారిపోయాడు, మూర్ పోయి టిమోతీ డాల్టన్ వచ్చాడు. హెడిసన్‌కు అప్పటికి 60 దాటింది, డాల్టన్ ఆయన కంటే చాలా చిన్నవాడు. లైటర్ పెళ్లికొడుకుగా ప్యారాషూట్‌లో చర్చి ముందు దిగుతాడు. అదే రాత్రి పెళ్లికూతుర్ని చంపేసి, ఇతన్ని సొరచేపకు వేస్తారు. బాండ్ ఉద్యోగం వదిలేసి పగకు బయల్దేరేది ఈ స్నేహితుడి కోసమే. కొత్త మొహాన్ని పెట్టి ఉంటే ఆ పగ మనకు అంతగా ఎక్కేది కాదని నా అభిప్రాయం.

బెజవాడ బాబాయ్:
మరి బాండ్‌కు ఆయుధాలు, పరికరాలు చేసిచ్చే మన క్యూ గారు? డెస్మండ్ లెవెలిన్. 1963 నుంచి 1999 దాకా 17 సినిమాలు. మధ్యలో 1973లో ఒక్కదాంట్లో లేడు. మరుసటి ఏడాదే మళ్లీ తెచ్చారు. కానరీ, లాజెన్బీ, మూర్, డాల్టన్, బ్రాస్నన్, ఐదుగురు బాండ్లకు సామాను అప్పగించాడు. 1999 డిసెంబర్‌లో కారు ప్రమాదంలో పోయాడు, ఆఖరి సినిమా విడుదలైన కొద్ది వారాలకే. అందులో గచ్చు కిందికి మెల్లగా దిగిపోతూ సెలవు తీసుకునే సీను చూస్తే ఇప్పటికీ నాకు కళ్లు చెమరుస్తాయి.

శ్రీకర్_సినీ:
జూడీ డెంచ్ కథ వింతది. 2006లో 'కసీనో రాయల్'తో కథంతా మొదటికి తెచ్చారు, బాండ్ అప్పుడే లైసెన్సు పొందిన కొత్తవాడు. కానీ పాత బాండ్‌కి బాస్‌గా ఉన్నావిడే కొత్త బాండ్‌కీ బాస్! లాజిక్ అడగొద్దు. ఆవిణ్ని వదులుకోవడం ఎవరికీ ఇష్టం లేకపోయింది, అంతే.

నిశాచరి:
రానన్నవాళ్ల గురించి కూడా మాట్లాడాలి. మిషన్ ఇంపాజిబుల్ మొదట టీవీ సిరీస్. అందులో జిమ్ ఫెల్ప్స్‌గా పీటర్ గ్రేవ్స్ 1967 నుంచి 1973 దాకా చేశాడు. 1988లో హాలీవుడ్‌లో రచయితల సమ్మె వచ్చింది. కొత్త కథలు రాసేవాళ్లు లేక, పాత సిరీస్ స్క్రిప్టులు బయటికి తీసి, ఆస్ట్రేలియాలో షూటింగ్ పెట్టి, ఫెల్ప్స్‌గా గ్రేవ్స్‌నే మళ్లీ తెచ్చారు. జుట్టు తెల్లబడిన టీమ్ లీడర్, కింద కొత్త కుర్రాళ్లు. వాళ్లలో ఒకడు పాత సిరీస్‌లో ఎలక్ట్రానిక్స్ చూసుకున్న గ్రెగ్ మోరిస్ సొంత కొడుకు ఫిల్ మోరిస్. కథలోనూ కొడుకే. తండ్రి కూడా అతిథిగా వచ్చి వెళ్తాడు. ఎంత ముచ్చటగా ఉంటుందో!

1996 సినిమాకు వచ్చేసరికి అదే ఫెల్ప్స్‌ని ద్రోహిగా చేశారు. గ్రేవ్స్ ఒప్పుకోలేదు. ఆ వేషం జాన్ వాయిట్ వేశాడు. సినిమా బ్రహ్మాండంగా ఆడింది, కానీ టీవీ సిరీస్ చూసి పెరిగినవాళ్లకు ఆ దెబ్బ మానలేదు. కానరీ ఏళ్ల తరబడి రానని వచ్చాడు. గ్రేవ్స్ మాత్రం ఒకసారి వచ్చి, రెండోసారి గౌరవంగా తప్పుకున్నాడు. నా ఓటు గ్రేవ్స్‌కే.

రీలుమామ:
ఇది చదివాక డన్లో విషయం ఇంకా బలంగా అనిపిస్తోంది. అదే 1996 సినిమా. ఒక పాత నటుడి పాత్రను విలన్‌ని చేసి పారేసింది, ఒక కొత్త నటుణ్ని జోకుగా వాడుకుని పారేసింది. ఫెల్ప్స్ లెక్క అలాగే ఉండిపోయింది. డన్లో లెక్క మాత్రం 29 ఏళ్లకు సరిచేశారు. క్రూజ్ క్షమాపణ అడగబోతే, నన్నిక్కడికి పంపడమే నాకు మేలైంది, లేకపోతే ఈమె దొరికేదా అన్నట్టు భార్య వైపు చూస్తాడు చూడండి, ఆ కత్తి కూడా దాచి ఉంచుకున్నాడు!

కాకినాడ కుర్రాడు:
మామా, మనవాళ్లు? సూపర్‌స్టార్ కృష్ణగారు 1966లో 'గూఢచారి 116', 1989లో 'గూఢచారి 117'. 23 ఏళ్ల తర్వాత ఒక్క నంబర్ ప్రమోషన్. 🙂

బెజవాడ బాబాయ్:
అది సిరీస్ కాదురా అబ్బాయ్. 116 డూండీ గారి సినిమా, మల్లికార్జునరావు గారి దర్శకత్వం. 117 కోడి రామకృష్ణ గారిది, కథకీ కథకీ సంబంధం లేదు. పేరులోని అభిమానాన్ని వాడుకున్నారు. అయినా ఆంధ్రా జేమ్స్‌బాండ్ అంటే ఆయనే, మధ్యలో 'జేమ్స్‌బాండ్ 777', 'ఏజెంట్ గోపి' అన్నీ చేశాడు. 117లో చిన్నప్పటి మహేశ్ కూడా ఉన్నాడు, ఆ సంగతి మీ వయసువాళ్లకు తెలియాలి.

వరంగల్ రవన్న:
అసలైన లెక్క కమల్ హాసన్ది. 1986 'విక్రమ్'ల చేసిన ఏజెంటే 2022 'విక్రమ్'ల తాత అయ్యి వచ్చిండు. 36 ఏండ్లు! మనుమణ్ని ఎత్తుకొని తుపాకులు పేల్చిండు. అండ్ల వయసు దాచుడు లేదు, పాత కథ మర్చిపోవుడు లేదు. వంటింట్ల పనిచేసే ఆంటీ ఏజెంట్ టీనా అని తెలిసినప్పుడు మా హన్మకొండ థియేటర్ల విజిల్స్ ఆగలే.

నిశాచరి:
రవన్నా, ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా నేను పూర్తిగా ఒప్పుకునే మాట ఇదొక్కటే. లోకేశ్ కనగరాజ్ 'విక్రమ్'లో ఏజెంట్‌కి వయసొచ్చిందని దాచలేదు, పాత సినిమాను చెరిపేయలేదు.

పద్మజ_ఎడిన్‌బరా:
మెక్‌క్లోరీ గొడవ ఎలా ముగిసిందో సుధ చెప్పలేదు. ఆయన 2006లో పోయాడు. 'నెవర్ సే నెవర్ అగైన్' హక్కులను 1997లోనే ఎమ్‌జీఎమ్ కొనేసింది. 2013లో ఆయన వారసులతో కూడా రాజీ కుదిరాకే, ఆ 'థండర్‌బాల్' కథలో పుట్టిన స్పెక్టర్ ముఠా, దాని నాయకుడు బ్లోఫెల్డ్ బాండ్ సినిమాల్లోకి తిరిగొచ్చారు, 2015 'స్పెక్టర్'లో. నటులకంటే విలన్‌కే తిరిగి రావడం కష్టమైంది, కోర్టుల మూలంగా.

శ్రీకర్_సినీ:
2025లో బాండ్ పగ్గాలు అమెజాన్ చేతికి వెళ్లాయి, డెనీ విల్‌న్యూవ్ దర్శకత్వమని ప్రకటించారు. పాతవాళ్లలో ఒకరిని చిన్న పాత్రకైనా పిలవొచ్చు కదా? నాకైతే డాల్టన్‌ని చూడాలనుంది. బాండ్‌గా మాత్రం వద్దు. లండన్ ఆఫీసులో ఎవరినీ నమ్మని పెద్దాయనగా.

బెజవాడ బాబాయ్:
డాల్టన్ అంటే నాకూ ఓకే. కానీ ఆయన బాండేనా, వేరే మనిషా అని జనం నెలల తరబడి కొట్టుకుంటారు.

డల్లాస్ సుధ:
కొట్టుకోనీ బాబాయ్, అందుకే కదా ఇక్కడున్నాం.

గేమ్‌పిచ్చి గణేశ్:
సుధక్కా, ఈ వారం 'నెవర్ సే నెవర్ అగైన్' పెడుతున్నా. ముందు 'థండర్‌బాల్' చూడాలా?

డల్లాస్ సుధ:
అక్కర్లేదు. కథ ఒకటే, రెండు అణుబాంబుల దొంగతనం. నీళ్ల అడుగున ఫైట్లు ఇష్టమైతే తర్వాత చూసుకో, పాతదాంట్లో చాలా ఉన్నాయి. దీంట్లో విలన్ లార్గోగా క్లాస్ మరియా బ్రాండౌర్‌ని గమనించు, నవ్వుతూనే భయపెడతాడు. కానరీ, అతనూ వీడియో గేమ్ ఆడే సీను ఉంటుంది, ఓడేవాడికి కరెంట్ షాక్. నీకు నచ్చుద్ది. చివరిదాకా చూడు, రోవన్ అట్కిన్సన్ వస్తాడు, మిస్టర్ బీన్ కాకముందు.